అత్తయ్య చెప్పాల్సిన ఒక్క మాట

పోయినవారం మనం ఆసుపత్రి వరండాలో ఆగాం. పెద్ద డాక్టరమ్మ ఒకవైపు, ఆవిడ అల్లుడు ఇంకోవైపు, మధ్యలో గొంతు పెద్దది చేసుకున్న ఒక రిటైరైన బస్సు డ్రైవరమ్మ. “మీరిద్దరూ ఇక్కడ కాదు, మా కోడలి ముందు పోట్లాడుకోండి. కడుపు దానిది!” అంటూ ఆవిడ ఇద్దరి చేతులూ పట్టుకుని గదిలోకి లాక్కుపోయింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. పెద్ద డాక్టరమ్మ కాన్పుల డాక్టరు. ఊళ్లో సగంమంది మొదటి కేక ఆవిడ చేతుల్లోనే వేశారు. అల్లుడు రక్తనాళాల డాక్టరు. పొట్ట కొయ్యకుండా, సన్నటి గొట్టాలు నాళాల్లోకి పంపి, తెరమీద చూసుకుంటూ వైద్యం చేసే రకం. ఇద్దరి మధ్యా చిట్టి. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, ఇతనికి భార్య, ఇద్దరికీ ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కారులో వస్తారు, ఒకే బల్ల చుట్టూ ఆపరేషన్లు చేస్తారు. నర్సులు ఆ థియేటర్ని చాటుగా ‘వాళ్ల వంటిల్లు’ అంటారు.

వారం రోజులుగా అత్తా అల్లుళ్లకి మాటల్లేవు. ఆసుపత్రిలో ‘మేడమ్’, ‘డాక్టరుగారూ’ అనుకుంటూ పని కానిస్తున్నారు. ఇంట్లో అయితే మధ్యలో చిట్టి ఉండాల్సిందే.

“ఉప్పు ఇటు జరపమను.”

“జరిపానని చెప్పు.”

“ఎక్కువైతే వేసుకోనని చెప్పు.”

“నేను తినడం పూర్తి చెయ్యొచ్చా?” అంటుంది చిట్టి.

ఇంత గొడవా డ్రైవరమ్మ కోడలి గురించే. ఆమె ఈత టీచరు. మొదటి రెండు కాన్పులూ ఆపరేషన్లే. ఇప్పుడు మూడోసారి నిండు నెలలు దగ్గరపడ్డాయి. మామూలుగా బిడ్డ బయటికి రాగానే మాయ దానంతటదే ఊడి వచ్చేస్తుంది. ఈమెకి మాత్రం అది పాత కుట్ల దగ్గర గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి పాతుకుపోయింది. లాగితే రక్తం కట్టలు తెంచుకుంటుంది. అందుకని బిడ్డని తీశాక గర్భసంచిని మాయతో సహా తీసెయ్యాలి. అదీ అంత తేలిక కాదు. ఇలాంటి ఆపరేషన్లో బల్ల మీదే ప్రాణం పోయిన తల్లులున్నారు. అందుకే అల్లుడు, గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళంలో ముందే ఒక బెలూను పెట్టి ఉంచుదామన్నాడు. రక్తం ఆగకపోతే దాన్ని ఉబ్బిస్తే చాలు, నాళం మూసుకుపోతుంది, డాక్టరమ్మ తాపీగా పని చేసుకోవచ్చు. డాక్టరమ్మ మాత్రం, “నా చేతులుండగా నాకు బుడగెందుకు?” అంది. డాక్టర్ల మీటింగులో అందరిముందూ అల్లుడు, “చేతులకీ ఓ హద్దుంటుంది మేడమ్,” అని నోరు జారాడు.

అదీ సంగతి.

---

గదిలో ఈత టీచరు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. కిటికీలోంచి ఆసుపత్రి వెనక కార్లు పెట్టుకునే జాగా, దాని పక్కన ఆరేసిన ఆకుపచ్చ దుప్పట్లు కనిపిస్తున్నాయి. ఆమె భర్తకి బేకరీ ఉంది. కంగారు పుడితే బన్నులు చేస్తాడు. ఆ వారం చాలా కంగారుపడ్డట్టున్నాడు, స్టూలు మీద రెండు సంచుల నిండా బన్నులున్నాయి.

ఈత టీచరు ఇద్దరు డాక్టర్లనీ పైనుంచి కిందికి చూసింది. పిల్లల్ని కొలను అంచున నిలబెట్టి చూసినట్టే.

“ముందెవరు? తోసుకోకుండా ఒక్కొక్కళ్లూ చెప్పండి.”

అల్లుడు జేబులోంచి నమూనా గొట్టం తీశాడు. చివర ముడుచుకున్న చిన్న బెలూను ఉంది. రెండో చివర సిరంజి తగిలించి నొక్కితే, అది మెల్లగా ఉబ్బి ద్రాక్షపండు కంటే కాస్త పెద్దదైంది.

“తొడ మొదట్లో చెయ్యి పెడితే కొట్టుకునే నాళం ఉంది చూశారా, అందులోంచి ఇది పైకి పోతుంది. బొడ్డు దగ్గరిదాకా తీసుకెళ్లి ఆపుతాను. ముడుచుకుని ఉన్నంతసేపు దాని పక్కనుంచే రక్తం పోతుంటుంది. ఊదగానే ఆగిపోతుంది. పైన మెదడుకీ, గుండెకీ, కిడ్నీలకీ అందే రక్తం అందుతూనే ఉంటుంది. కిందికి పోయేదే ఆగుతుంది.”

“నోటితో ఊదుతావా నాయనా?” అంది డ్రైవరమ్మ, కళ్లజోడు సర్దుకుని.

“లేదండీ. ఉప్పునీళ్లు ఎక్కిస్తాను. లోపల చిట్లినా గాలి రక్తంలో కలవకూడదుగా.”

“మరి ఇప్పుడేగా ఊదగానే అన్నావు?”

“అలవాటైన మాటండీ.”

“నేనూ బస్సు తోలుతూ ఎగిరిపోతున్నాం అనేదాన్ని. సరే, చెప్పు. ఎంతసేపు ఆపి ఉంచుతావు?”

“అదే అడగాల్సింది!” పెద్ద డాక్టరమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఎత్తు తక్కువ మనిషి, గది మాత్రం ఆవిడ మాట్లాడగానే చిన్నదైపోతుంది. “ఎక్కువసేపు ఉంచితే నడుం కిందంతా రక్తం లేక చచ్చుబడిపోతుంది. తీసేటప్పుడు ఒక్కసారి వదిలితే బీపీ అమాంతం పడిపోతుంది. వీటన్నిటికంటే నాకు భయం కాలు. గొట్టం దూర్చిన చోట గడ్డ కట్టిందనుకో, కాలికే ముప్పు. అమ్మాయీ, నువ్వు కాళ్లతో బతికేదానివి. అవసరం ఉంటుందో లేదో తెలియని దానికోసం ఆరోగ్యంగా ఉన్న నాళానికి బెజ్జం పెట్టడం నాకు ఇష్టం లేదు.”

ఈత టీచరు కిందికి వంగి చూసుకుంది. పొట్ట తప్ప ఏమీ కనపడలేదు.

“నా కాళ్లని చూసి చాలా రోజులైంది డాక్టరమ్మా. ఉన్నాయో లేవో మా అత్తయ్యే చెప్పాలి.”

“ఉన్నాయమ్మడూ. వాచాయి, కానీ ఉన్నాయి.”

అందరూ నవ్వారు. పెద్ద డాక్టరమ్మ పెదవులు కూడా కాస్త కదిలాయి. అల్లుడు చూస్తున్నాడని గమనించి వెంటనే బిగించేసుకుంది.

“మేడమ్ చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు,” అన్నాడు అల్లుడు. వారం రోజుల్లో అతను ఆవిడని సమర్థించడం అదే మొదటిసారి. “కాలికి ముప్పు ఉంది. తక్కువ, కానీ ఉంది. సన్నటి గొట్టం వాడతాను, పనైపోగానే తీసేస్తాను, పాదాల్లో నాడి చూస్తూనే ఉంటాను. అంతకంటే మాటివ్వలేను. బెలూను రక్తం కారడాన్ని నయం చెయ్యదు, కాస్త టైము కొనిపెడుతుంది. నయం చెయ్యాల్సింది మేడమ్ చేతులే.”

ఈత టీచరు పొట్ట మీద చెయ్యి వేసుకుంది. భర్త ఆమె పాదం పట్టుకుని మెల్లగా నొక్కుతున్నాడు.

“డాక్టరమ్మా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ మంచం మీద మీ అమ్మాయే ఉంటే ఏం చేస్తారు?”

అప్పుడే తలుపు తోసుకుని లోపలికొచ్చిన చిట్టి గుమ్మంలోనే నిలబడిపోయింది.

పెద్ద డాక్టరమ్మ కూతుర్ని చూసింది. “మా అమ్మాయైతే నేను కత్తి పట్టుకోను. చేతులు వణుకుతాయి.”

“మరి ఎవర్ని పిలుస్తారు?”

డాక్టరమ్మ కిటికీ వైపు చూసింది, బన్నుల వైపు చూసింది, డ్రైవరమ్మ కళ్లజోడు వైపు చూసింది. అల్లుడి వైపు తప్ప గదిలో అన్నివైపులా చూసింది.

ఈత టీచరు తల ఊపింది. “సరే, నా మాట వినండి. బెలూను లోపల పెట్టండి. కానీ ఉబ్బించొద్దు. డాక్టరమ్మ చెయ్యి చాలినంతసేపు డాక్టరమ్మ చెయ్యే. చాలకపోతే ‘ఊదు’ అని ఆవిడే చెప్పాలి. ఆవిడ నోటితో ఆ మాట వచ్చేదాకా మీరు వేలు కదపకూడదు డాక్టరుగారూ. సరేనా?”

“సరే,” అన్నాడు అల్లుడు.

“నేను చెప్పను,” అంది పెద్ద డాక్టరమ్మ.

“చెప్పే అవసరమే రాకపోతే అంతకంటే ఏం కావాలి?” అంది ఈత టీచరు. “ఇక వెళ్లండి. నాకు ఆకలేస్తోంది. ఈయన బన్నుల వాసన పట్టుకుని అందరూ ఇక్కడే నిలబడితే నేనెలా తినేది?”

సాయంత్రం కారు చిట్టి నడిపింది. పక్కసీట్లో తల్లి, వెనక సీట్లో మొగుడు, ఒక్క మాట లేదు. ఇంటిముందు తల్లి దిగి లోపలికి వెళ్లగానే అల్లుడు ముందుకి వంగాడు.

“మీ అమ్మ చెప్పదు చిట్టీ. ప్రాణం పోయినా చెప్పదు.”

“పోయేది అమ్మ ప్రాణమైతే చెప్పదు,” అంది చిట్టి, తాళంచెవి తీస్తూ. “అక్కడున్నది అమ్మ ప్రాణం కాదుగా.”

---

మర్నాడు పొద్దున థియేటర్లో అందరికంటే హుషారుగా ఉన్నది ఈత టీచరే. వెన్నులో చిట్టి ఇచ్చిన ఇంజెక్షన్‌తో నడుం కిందంతా మొద్దుబారింది, మనిషి మాత్రం మెలకువగానే ఉంది. బిడ్డ ఏడుపు విన్నాకే నిద్రపుచ్చాలని ముందే మాట తీసుకుంది.

అల్లుడు తొడ మొదట్లో నాళాన్ని వెతికి పట్టుకుని, సన్నటి తీగ మీదుగా గొట్టాన్ని పైకి పంపాడు. తెరమీద నల్లటి చుక్క మెల్లగా ఎక్కుతూ వచ్చి, ఉండాల్సిన చోట ఆగింది. కదలకుండా పట్టీ వేశాడు. తర్వాత సిరంజి చేతిలో పట్టుకుని, కాళ్లవైపు, ఎవరికీ అడ్డురాకుండా నిలబడ్డాడు. వంటింట్లో పని చెప్పని చుట్టంలా ఉంది అతని పరిస్థితి.

పెద్ద డాక్టరమ్మ కత్తి అందుకుంది. ఆవిడ చేతుల్ని చూడాలంటే అలాంటప్పుడే చూడాలి. ఎక్కడా తొందర ఉండదు, ఎక్కడా ఆగడమూ ఉండదు. మాయ పాతుకున్న చోటుని తప్పించి, గర్భసంచి పైభాగంలో దారి చేసుకుని, బిడ్డని బయటికి తీసింది. ఆడపిల్ల. ఒక్క క్షణం ఊరుకుని, ఆ తర్వాత థియేటర్ అదిరేలా అరిచింది.

“ఆ గొంతు మా అత్తయ్యదే,” అంది ఈత టీచరు, అడ్డం కట్టిన తెరకి అవతల. ఏడుస్తూ నవ్వుతోంది. “ఇంక ఇంట్లో రెండు హారన్లు.”

“చాలా, ఇంక పడుకుంటారా?” అంది చిట్టి ఆమె నుదురు నిమిరి.

“పడుకుంటా. డాక్టరమ్మకి గుర్తు చెయ్యండి...” ఏం గుర్తు చెయ్యాలో చెప్పకముందే నిద్రలోకి జారిపోయింది.

మాయని కదపకుండా అలాగే ఉంచి కుట్టేసి, గర్భసంచిని చుట్టూ విడదీసుకుంటూ రావాలని డాక్టరమ్మ ఆలోచన. అంతా ఆమె అనుకున్నట్టే నడిచేదేమో. కానీ మాయ తనంతట తనే ఒక పక్కన ఊడడం మొదలుపెట్టింది. మొదట ఒక ఎర్రటి గీత కనిపించింది. డాక్టరమ్మ దాన్ని పట్టుకునేలోపు అది గీత కాకుండా పోయింది.

రక్తం పీల్చే గొట్టం గుడగుడలాడింది. అది పీలుస్తున్నదానికంటే ఊరుతున్నది ఎక్కువగా ఉంది.

“ఇంకో గొట్టం,” అంది డాక్టరమ్మ. “గుడ్డలు. ఇంకా. ఇంకా ఇవ్వండి.”

ఒక చోట నొక్కితే పక్కనుంచి వస్తోంది. అక్కడ పట్టకారు వేస్తే వెనకనుంచి వస్తోంది. చిట్టి రెండు చేతులకీ రక్తం ఎక్కిస్తోంది, సంచులు పిండి మరీ ఎక్కిస్తోంది. “బీపీ తగ్గుతోంది మేడమ్,” అంది మామూలు గొంతుతో. కాసేపాగి, “ఇంకా తగ్గుతోంది,” అంది. ఈసారి గొంతు అంత మామూలుగా లేదు.

డాక్టరమ్మ ఎడమచేతి పిడికిలితో పెద్ద నాళాన్ని వెన్నెముకకి అదిమిపెట్టింది. రక్తం కాస్త నెమ్మదించింది. అది ఆవిడ ఎప్పటినుంచో నమ్ముకున్న ఉపాయం, ఎందర్నో బతికించిన ఉపాయం. అయితే ఇక్కడ ఒక చెయ్యి అక్కడే ఉండిపోతే, మూత్రసంచి నుంచి గర్భసంచిని విడదియ్యడానికి రెండో చెయ్యి ఒక్కటీ చాలదు. సాయం చేస్తున్న డాక్టరుకి ఆ పిడికిలి అప్పగించి చూసింది. అతని చెయ్యి జారగానే మళ్లీ నిండిపోయింది. లోపల ఏది ఎక్కడుందో కనిపించడం లేదు.

అల్లుడి బొటనవేలు సిరంజి మీద ఉంది. “ఊదనా?” అని అడగబోయాడు. మానుకున్నాడు. మాటిచ్చాడు కదా అని కాదు. ఇప్పుడు తను నోరు తెరిస్తే అది వారంనాటి పోట్లాటకి పొడిగింపులా వినిపిస్తుంది. వినిపించకూడదు. అతను అత్తగారి కళ్లవైపు మాత్రం చూస్తూ నిలబడ్డాడు.

“అమ్మా,” అంది చిట్టి.

ఇన్నేళ్లలో థియేటర్లో ఆ పిలుపు ఎవరూ వినలేదు. ‘మేడమ్’ తప్ప ఇంకో మాట అనడానికి వీల్లేదని పెట్టింది డాక్టరమ్మే. నర్సులు తలలెత్తారు.

పెద్ద డాక్టరమ్మ కూడా తలెత్తింది. ముందు కూతురి మొహం చూసింది. ఆ తర్వాత బల్ల కాళ్లవైపు చూసింది.

“అల్లుడూ, ఊదు.”

ఆ మాటతోనే అతని వేలు కదిలింది. ఉప్పునీళ్లు లోపలికి వెళ్లాయి. అతని రెండో చెయ్యి ఎడమ తొడ దగ్గర నాడి మీద ఉంది. కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది, పలచబడింది, ఆగింది.

“మూసుకుంది,” అన్నాడు.

గుడ్డలు తీసి చూస్తే, అంతవరకు ఎగజిమ్మినది కాస్తా ఎండాకాలపు కుళాయిలా నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంది. పీల్చే గొట్టం ఖాళీగా గరగరమంది. ఆ చప్పుడు అంత బాగుంటుందని ఆ గదిలో ఎవరికీ ఇంతకుముందు తెలీదు.

“బీపీ పెరుగుతోంది,” అంది చిట్టి. మాస్కు వెనక ఆమె ముక్కు ఎగబీల్చింది.

“ఎంతసేపిస్తావు?” అంది డాక్టరమ్మ, చేతులు ఆపకుండా.

“అరగంట దాటనివ్వను అత్తయ్యా. ఎంత ముందు ముగిస్తే అంత మంచిది.”

“అంతసేపు ఎందుకూ, నేనేం కొత్తదాన్నా?”

ఇప్పుడు అంతా కనిపిస్తోంది. అంటుకుపోయిన మూత్రసంచిని పొర పొరగా వలిచింది. నాళాల్ని ఒక్కొక్కటే పట్టి, కట్టి, తెంచింది. నర్సు మధ్యమధ్య గోడ గడియారం చూసి ఎంతైందో చెబుతోంది. డాక్టరమ్మ ప్రతిసారీ “ఊఁ” అంటోంది. చివరికి గర్భసంచి, మాయ కలిసి ట్రేలోకి వచ్చేశాయి.

“వదులుతున్నాను. కొంచెం కొంచెంగా,” అన్నాడు అల్లుడు. “చిట్టీ, రెడీనా?”

“నేనెప్పుడో రెడీ. నువ్వు ఒక్కసారిగా వదిలావంటే ఇంటికి రానివ్వను.”

అతను సిరంజిని పిసరంత వెనక్కి లాగాడు. బీపీ దిగింది. ఆగాడు. చిట్టి మందు వేసింది, రక్తం ఎక్కించింది. మళ్లీ ఎక్కింది. ఇంకాస్త లాగాడు. ఎడమ మూల ఒక చిన్న నాళం తల ఎత్తి చిమ్మింది. “నువ్వా? నీకోసమే చూస్తున్నా,” అని డాక్టరమ్మ దాన్ని కట్టేసింది. ఇంకాస్త లాగాడు. ఈసారి ఏమీ రాలేదు. పూర్తిగా వదిలేశాడు.

అందరూ లోపలికి తొంగి చూశారు. గుడ్డ తెల్లగానే ఉంది.

గొట్టం తీసేసి, బెజ్జం మూసుకునేదాకా అల్లుడు గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఆ తర్వాత పెద్ద డాక్టరమ్మ తనే బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఈత టీచరు పాదాల మీద వేళ్లుపెట్టి నాడి చూసింది. కుడిపాదం చూసింది, ఎడమపాదం చూసింది, మళ్లీ కుడిపాదం చూసింది.

“వెచ్చగా ఉన్నాయి,” అంది. “రెండూ కొట్టుకుంటున్నాయి.” ఆ మాట ఎవరికి చెప్పిందో తెలీదు. అల్లుడి వైపైతే చూడలేదు. కానీ వెళ్తూ వెళ్తూ అతని భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. ఇంటల్లుడి మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి.

---

బయట బేకరీ ఆయన ఒకచోట నిలవలేక గోడకీ గోడకీ మధ్య తిరుగుతున్నాడు. డ్రైవరమ్మ మాత్రం స్టీరింగు ముందు కూర్చున్నట్టు బెంచీ మీద నిటారుగా కూర్చుంది. డాక్టరమ్మ మొహం కనపడగానే లేచింది.

“ఉందా?” అంది. ఇంకేమీ అడగలేదు.

“ఉంది. బాగుంది. రెండు రోజులు మా కళ్లముందే ఉండాలి. మనవరాలు మీకంటే గట్టిగా అరుస్తోంది.”

డ్రైవరమ్మ డాక్టరమ్మని గట్టిగా వాటేసుకుంది. కళ్లజోడు కిందపడింది. బేకరీ ఆయన అది తీయడానికి వంగినవాడు వంగినట్టే నేలమీద కూర్చుండిపోయి ఏడ్చాడు. కాసేపటికి లేచి, మొహం తుడుచుకుని, కనిపించిన ప్రతివాళ్ల చేతిలోనూ ఒక బన్ను పెట్టడం మొదలుపెట్టాడు. డాక్టర్లకి, నర్సులకి, నేల తుడుస్తున్నామెకి, తప్పుదారిలో వచ్చిన ఎవరో పేషంటుకి కూడా.

“పిల్లకి పేరు అనుకున్నారా?” అంది చిట్టి.

“పేరు తర్వాత చూద్దాం,” అంది డ్రైవరమ్మ కళ్లు తుడుచుకుంటూ. “ముందు ఆ అరుపు ఆపే స్విచ్చి ఎక్కడుందో చూడండి.”

---

డాక్టర్ల గదిలో అల్లుడు టోపీ తీసి బల్ల మీద పడేసి, కుర్చీలో వాలాడు. తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరమ్మ లోపలికొచ్చి, వెనక్కి తిరిగి గడియ పెట్టింది. చేతిలో రెండు బన్నులు. ఒకటి అతని ముందు పెట్టి, రెండోది తుంచుకుంటూ ఎదురుగా కూర్చుంది.

“తిను.”

‘డాక్టరుగారూ’ అనకుండా, థియేటర్ బయట వారంగా ఆవిడ అతనితో నేరుగా అన్న మొదటి మాట ఇదే.

“అత్తయ్యా, మీటింగులో నేను అలా నోరు జారకుండా ఉండాల్సింది...”

“అవును, ఉండాల్సింది. నీకు మాటలు మరీ ఎక్కువ. నేను ఇన్నాళ్లూ నీ మాటలే విన్నాను, నీ చేతులు చూడలేదు.” ఒక ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. “ఇవాళ చూశాను. వదిలేటప్పుడు చూశాను. పిసరు పిసరు వదిలావు. నీ మొహంలో భయం ఉంది, చేతిలో లేదు. నాకు కావలసింది అదే.”

“మీకు కావలసిందా?”

పెద్ద డాక్టరమ్మ ఒళ్లో పడిన బన్ను పొడి దులుపుకుంది.

“నాకు నడుం నొప్పిగా ఉందంటే చిట్టి దిండు మార్చింది గుర్తుందా? దిండుతో తగ్గలేదు. ఎందుకైనా మంచిదని ఊరవతల స్కాన్ తీయించుకున్నాను. ఎముకలు బాగానే ఉన్నాయి. వాటి ముందున్న పెద్ద నాళం బాగాలేదు. ఇవాళ నువ్వు బెలూను పెట్టిన చోటే. దాని గోడ పలచబడి ఉబ్బింది.”

అల్లుడు చేతిలో బన్ను అలాగే ఉండిపోయింది. “ఎంత ఉంది అత్తయ్యా?”

ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక సున్నా చుట్టి చూపించింది. “పోయినేడు ఇంత.” తర్వాత ఆ రెండు వేళ్లూ మెల్లగా విడదీసింది. మధ్యలో ఇంకో వేలు పట్టేంత ఖాళీ వచ్చింది. “పోయినవారం ఇంత.”

అతను రోజూ చూసే జబ్బే. ఆ ఖాళీ అంటే ఏమిటో, ఇంకెంత ఆగొచ్చో, ఆ నాళం పగిలితే ఏమవుతుందో పుస్తకం తెరవకుండా చెప్పగలడు. బన్ను బల్ల మీద పెట్టేశాడు.

“ఏడాదిగా... ఒక్క మాట చెప్పలేదు!”

“చెబితే నన్ను థియేటర్ గుమ్మం తొక్కనిస్తారా మీరిద్దరూ? ఇంట్లో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి రాగం తీస్తారు. పైగా నా పొట్ట కోయించుకోవడం నాకిష్టం లేదు. ఎంతమందివి కోశానో నాకు తెలుసు కనక. నువ్వైతే కాలిలోంచి వెళ్లి లోపల తొడుగు వేసేస్తావటగా, అదే చెయ్యి. నువ్వే చెయ్యి. ఇంకొకడి చేతికి ఇవ్వకు.”

“ఇవ్వను. ఈ వారమే చేద్దాం. ఇవాళే స్కాను చూస్తాను.”

“ఒక్క షరతు. చిట్టికి తెలీకూడదు. అంతా అయ్యాక చెప్దాం.”

అల్లుడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “అత్తయ్యా, మీకు మత్తివ్వాల్సింది ఎవరనుకుంటున్నారు?”

ఊళ్లో సగంమందిని పుట్టించిన డాక్టరమ్మకి ఆ సంగతి తట్టనేలేదు. 

తలుపు మీద దబదబా చప్పుడైంది.

“ఏంటి, గడియ పెట్టుకుని మరీ పోట్లాడుకుంటున్నారా?” చిట్టి గొంతులో నవ్వు ఉంది. “తియ్యండి. అమ్మా, నీ ఫోను మోగుతుంటే నేనెత్తాను. ఎవరో స్కాన్ సెంటరువాళ్లట. డాక్టరుగారు వెంటనే మాట్లాడాలంటూ లైన్లోనే ఉన్నారు, నువ్వు నాలుగు రోజులుగా ఫోనెత్తడం లేదట. ఏ పేషంటు గురించమ్మా?”

లోపల ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారంగా ఒక మాట మీద నిలబడని అత్తా అల్లుళ్లు ఆ క్షణంలో సరిగ్గా ఒకే అబద్ధం కోసం వెతుక్కున్నారు. దొరకలేదు.

అల్లుడు లేచి గడియ తీశాడు.

చిట్టి గుమ్మంలో, ఒక చేతిలో తల్లి ఫోను, రెండో చేతిలో సగం తిన్న బన్నుతో నిలబడి ఉంది. నవ్వుతూనే తల్లి మొహం చూసింది. మొగుడి మొహం చూసింది. మనుషుల మొహాల్లో రంగు మారడం కనిపెట్టడమే ఆమె వృత్తి.

నవ్వు ఆగిపోయింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“చెప్పండి డాక్టర్,” అంది, తల్లి మీంచి కళ్లు తిప్పకుండా. “నేను వాళ్లమ్మాయిని.”